గోడ మీద రాత చదివినాయన, ఆయన కూతురు పెట్టిన సంస్థ

రేడియో వింటున్న అందరికీ నమస్కారమండీ.

ఆమధ్య మా అన్నయ్య కొడుకు ఊరి నుంచి వస్తే గోల్కొండ పక్కనున్న కుతుబ్ షాహీ సమాధులకి తీసుకెళ్ళా. లోపల నల్లరాతి సమాధి మీద వరసలు వరసలుగా అరబ్బీ అక్షరాలు, ఒకదాంట్లోంచి ఇంకోటి అల్లుకుపోయి ఉన్నాయి. వాడు ఫోన్ తీసి టపటపా పదిహేను ఫొటోలు కొట్టేసి, "బాబాయ్, ఏం రాశారిక్కడ?" అన్నాడు. "ఖురాన్ వాక్యాలయ్యుంటాయిలేరా" అని తప్పించుకున్నా. చాలావరకు అవి ఖురాన్ వాక్యాలే, నేనేం అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆ రాతల్లో పోయినాయన పేరు, పోయిన సంవత్సరం కూడా చెక్కి ఉంటాయట, నాకా ముక్క తర్వాత తెలిసింది. ఇన్నేళ్ళూ దాన్ని నేను ముగ్గులాగా చూసి వచ్చేశాను తప్ప అది ఉత్తరం అని అనుకోలేదు.

అలా ముగ్గులాగా చూసి వచ్చేయకూడదు, కూర్చుని చదవాలి అని పట్టుబట్టిన ఒకాయన గురించే ఇవాళ చెప్దామని. పేరు మాక్స్ వాన్ బెర్షెమ్. స్విట్జర్లాండ్‌లో జెనీవా ఆయనది, 1863లో పుట్టారు. డబ్బున్న కుటుంబం, ఉద్యోగం చేస్తేనే గానీ పూట గడవని పరిస్థితి కాదు, నిజంగానే ఆయన జీవితంలో యూనివర్సిటీ కుర్చీ ఎక్కలేదు. జర్మనీ వెళ్ళి అరబ్బీ చదువుకుని, 1886లో లైప్‌జిగ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు, అది కూడా దేనిమీదనుకున్నారు, తొలి ఖలీఫాల కాలంలో భూమి ఎవరిది, పన్ను ఎంత అనే విషయం మీద. కవిత్వం మీద కాదు చూడండి, శిస్తు మీద! తర్వాత గోడల మీద రాతలు చదివేటప్పుడు ఆ లెక్కల మనిషి బుద్ధి బాగా పనికొచ్చింది అని నాకనిపిస్తుంది.

చదువైపోగానే కైరో వెళ్ళారు. ఆ ఊళ్ళో మసీదులు, మదరసాలు, కోటగోడలు, ఎక్కడ చూసినా రాతలే. అప్పట్లో యూరప్ పండితులు గ్రీకు శాసనాలకి, లాటిన్ శాసనాలకి పెద్ద పెద్ద సంపుటాలు వేసుకుని కూర్చున్నారు, అరబ్బీ శాసనాలకి మాత్రం అలాంటిది లేదు. పైగా కట్టడాలేమో పాతబడి కూలిపోతున్నాయి, లేదంటే మరమ్మతు పేరుతో మారిపోతున్నాయి, రాయి పోతే రాత కూడా పోయినట్టే కదా. అందుకని ఆయన ఊరూరా తిరిగి అన్నీ సేకరించాలని కూర్చున్నారు. కైరో, జెరూసలెం, డమాస్కస్, ఉత్తర సిరియా కోటలు... 1895లో అయితే ఒక మిత్రుణ్ణి వెంటబెట్టుకుని సిరియా అంతా చుట్టేశారు. ఫొటోలు తీయడం, నోట్‌బుక్‌లో రాసుకోవడం, ఇంకా తడి కాగితాన్ని రాతి మీద పరిచి బ్రష్‌తో కొట్టి అచ్చు తీయడం, అదీ పని. మన శాసనాల వాళ్ళు కూడా అచ్చం అలాగే చేస్తారు, కాకపోతే పైన సిరా అద్దుతారు. ఎండలో నిచ్చెనెక్కి ఆ పని చేసినవాళ్ళకి తెలుస్తుంది అది ఎంత నడుం నొప్పి యవ్వారమో.

సరే, చదివితే ఏం వస్తుంది అంటారా? బిరుదులే తీసుకోండి. ఆ కాలంలో పెద్దమనుషుల పేర్లకి దీన్ అని తగిలించేవాళ్ళు, ధర్మానికి ఇది, ధర్మానికి అది అని అర్థం వచ్చేలాగా. అయితే 'దునియా వద్దీన్', అంటే లోకానికీ ధర్మానికీ రెండింటికీ అని రాసుకున్నారంటే ఆయన పాలకుడన్నమాట, ఒట్టి అమీరు, అంటే పాలకుడి కింద పనిచేసే సర్దారు, అలా రాసుకోడానికి లేదు. ఒక్క మాట తేడా. దాన్ని పట్టుకుని ఆ గోడ కట్టిన రోజున ఎవరు ఎవరికి తలవంచారో చెప్పొచ్చు అని బెర్షెమ్ చూపించారు. మన దగ్గర మహామండలేశ్వర అన్న బిరుదు చూసి వీడు సామంతుడా సొంత రాజా అని చరిత్రకారులు బుర్రలు బద్దలు కొట్టుకుంటారే, సరిగ్గా అదే తంతు.

ఇంకోటి చెప్తే మీకు నవ్వొస్తుంది. ఈజిప్టు, సిరియాలని ఏలిన మమ్లూక్ సుల్తానుల కాలంలో ఫలానా పన్ను రద్దు చేశాం అని మసీదు గోడ మీద చెక్కించేవాళ్ళు, జనం అందరూ చూసే చోటన్నమాట, కింద ఒక్కోసారి శాపం కూడా ఉంటుంది, ఈ పన్ను మళ్ళీ వేసినవాడు శాపగ్రస్తుడు, శాపగ్రస్తుడి కొడుకు అని. మన తెలుగు శాసనాల చివర ఏముంటుంది? ఈ ధర్మానికి విఘ్నం చేసినవాళ్ళు గంగ ఒడ్డున కపిలగోవుని చంపిన పాపాన పోతారు అని కదా. భాష వేరు, దేవుడు వేరు, తర్వాత వచ్చే అధికారి మీద అపనమ్మకం మాత్రం ఒక్కటే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జెరూసలెం కథ. అక్కడ బంగారు గుమ్మటం ఉంటుంది కదా, డోమ్ ఆఫ్ ది రాక్, దాని లోపల కమానుల పైన చుట్టూ దాదాపు 240 మీటర్ల పొడవున మొజాయిక్ ముక్కలతో చేసిన రాత ఉంది. అందులో ఈ గుమ్మటం కట్టించింది ఖలీఫా అల్ మామూన్, 72వ సంవత్సరంలో అని ఉంటుంది. అది ముస్లింల హిజ్రీ లెక్క, హిజ్రీ 72 అంటే మన లెక్కలో 691-692. తమాషా ఏంటంటే అల్ మామూన్ పుట్టిందే హిజ్రీ 170లో! పుట్టడానికి 98 ఏళ్ళ ముందే గుమ్మటం కట్టేశాడన్నమాట మహానుభావుడు. అసలు కట్టించింది అంతకుముందరి ఖలీఫా అబ్దుల్ మాలిక్. తర్వాతి కాలంలో ఆయన పేరు పీకేసి మామూన్ పేరు ఇరికించారు, అక్షరాలు ఇరుగ్గా ఉంటాయి, రంగు కూడా పక్కదాంతో కలవదు, ఇంతా చేసి తేదీ మార్చడం మర్చిపోయారు. ఈ మోసం బెర్షెమ్ కంటే ముందే ఒక ఫ్రెంచ్ పండితుడు గమనించాడు, బెర్షెమ్ జెరూసలెం శాసనాల మీద రాసిన సంపుటాల్లో దాన్ని వివరంగా చర్చించారు.

ఆ సంపుటాలు ఆయన పూర్తిగా చూసుకోలేకపోయారండీ. కైరోలో అచ్చు పని చూసుకోడానికి వెళ్ళి అక్కడ జబ్బు పడి తిరిగొచ్చి 1921 మార్చిలో పోయారు, ఇంకో తొమ్మిది రోజులుంటే 58 నిండేవి. మిగిలిన పని వేరేవాళ్ళు పూర్తి చేశారు.

ఇక్కడితో అయిపోయుంటే ఇది మామూలు పండితుడి కథే, పెట్టెల్లో కాగితాలు, చెదలు, మనకి తెలియని కథేం కాదు. కానీ ఆయనకి మార్గరెట్ అని కూతురుంది. 1892లో పుట్టింది, చిన్నప్పుడే తల్లి పోయింది. ఆవిడ తండ్రి చదివిన అదే గుమ్మటం లోపలికి వెళ్ళి, అక్షరాలు వదిలేసి వాటి చుట్టూ ఉన్న మొజాయిక్ తీగలు, చెట్లు, నగలు పరిశీలించింది, డమాస్కస్ పెద్ద మసీదువి కూడా. క్రెస్‌వెల్ అనే ఇంగ్లీషు పండితుడు ఇస్లామిక్ కట్టడాల మీద 1932లో వేసిన పెద్ద పుస్తకంలో ఆ మొజాయిక్‌ల భాగం ఆవిడదే. తర్వాత 1950ల మొదట్లో అల్జీరియా సహారాలో ఇసక కింద కప్పబడిపోయిన సెద్రాతా అనే పాత పట్నాన్ని తవ్వించింది. మధ్యలో రెడ్‌క్రాస్ పని కూడా చేసింది. ఆవిడ గురించి విడిగా ఒక ప్రసంగం చెయ్యాలి అసలు.

1973లో, 80 దాటిన వయసులో, ఆవిడ జెనీవాలో తండ్రి పేరుతో ఫౌండేషన్ పెట్టింది. మాక్స్ వాన్ బెర్షెమ్ ఫౌండేషన్. ఆయన నోట్‌బుక్‌లు, ఫొటోలు, కాగితపు అచ్చులు అన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి. విగ్రహం పెట్టి ఏటా దండేసి ఊరుకోకుండా, ఇస్లామిక్ పురావస్తు తవ్వకాలకి, శాసనాల పనికి పరిశోధకులకి డబ్బులిస్తారు, వాళ్ళు ఏ దేశం వాళ్ళైనా సరే. ఇంకా ఇస్లామిక్ శాసనాలన్నీ ఒక్కచోట చేర్చే డేటాబేస్ ఒకటి నడిపిస్తున్నారు, వేల శాసనాలు, పేరుతోనో ఊరుతోనో వెతుక్కోవచ్చు. వందేళ్ళ కింద ఆ పెద్దాయన నిచ్చెనెక్కి రాసుకున్నది ఇవాళ కంప్యూటర్‌లో కొడితే వస్తుంది.

మన వైపు కూడా ఇలాంటి పని జరిగిందండోయ్. హైదరాబాద్ సంస్థానంలో 1914లో పురావస్తు శాఖ పెట్టినప్పుడు దానికి తొలి డైరెక్టర్ గులాం యజ్దానీ గారు, అరబ్బీ, పారసీ శాసనాల కోసమే వేసే ఎపిగ్రాఫియా ఇండో మొస్లెమికా అనే పత్రికకి ఏళ్ళ తరబడి సంపాదకులు కూడా ఆయనే. మొన్న మా అన్నయ్య కొడుకు ఫోన్ చేస్తే చెప్పా, ఒరేయ్ ఆ పదిహేను ఫొటోలు డిలీట్ చెయ్యకు, పాతబస్తీలో అరబ్బీ చదివే ఒక మౌల్వీ గారున్నారు, ఆయనకి చూపిస్తా, సంవత్సరం ఎక్కడుందో అడుగుదాం అని. పన్నెండు ఉన్నాయట, మూడు మసకగా వచ్చాయట.