ప్రభుత్వ పనికి టెండర్ వేసే ముందు: రిజిస్ట్రేషన్, ధరావతు, బీమా

[తెరపై: నిర్మాణంలో ఉన్న చిన్న వంతెన]

నమస్కారం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రోడ్లు, కాలువలు, భవనాల పనులకు మొదటిసారి సొంతంగా టెండర్ వేయబోతున్న చిన్న కాంట్రాక్టర్ల కోసం ఈ వీడియో.

రెండు రాష్ట్రాల టెండర్ విధానానికీ మూలం ఉమ్మడి రాష్ట్రంలో 2003 జూలై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన జీవో 94. తరువాత దానికి సవరణలు వచ్చాయి కాబట్టి మీ టెండర్ పత్రంలో ఉన్న మాటే చివరి మాట. కాంట్రాక్టర్‌గా నమోదైన క్లాసును బట్టి ఎంత విలువైన పనికి పోటీ పడవచ్చో తేలుతుంది. విద్యుత్ పనులకు ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్సు వేరుగా ఉండాలి.

క్లాసు సరిపోయినంత మాత్రాన అర్హత వచ్చినట్టు కాదు. గత 5 ఏళ్లలో ఏదైనా ఒక సంవత్సరం మీరు చేసిన అత్యధిక పని విలువను రెట్టింపు చేసి, కొత్త పని గడువు ఎన్ని సంవత్సరాలో దానితో గుణించి, అదే కాలంలో పూర్తి చేయాల్సిన చేతిలోని పనుల విలువను తీసివేస్తే వచ్చేదే మీ బిడ్ సామర్థ్యం. ఆ అత్యధిక విలువ కోటిన్నర, గడువు ఒక ఏడాది, చేతిలోని పనులు కోటీ 20 లక్షలు అనుకుంటే సామర్థ్యం కోటీ 80 లక్షలే కనుక 2 కోట్ల పనికి వేసిన టెండర్ ధర తెరవకముందే పక్కకు పోతుంది.

ధరావతు, అంటే ఈఎండీ అనే హామీ సొమ్ము, ఆ జీవో ప్రకారం టెండర్‌తో 1 శాతం, ఒప్పందం సమయంలో మరో 1.5 శాతం.

[తెరపై: బీమా పాలసీ మొదటి పేజీ]

ఇక బీమా. ఒప్పందం రోజున హడావిడిగా కొని ఫైలులో పెట్టే కాగితంగా దీన్ని చూడటం చాలా ప్రమాదకరమని నా గట్టి అభిప్రాయం. నిర్మాణంలో ఉన్న పనికి తీసుకునేది కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్ పాలసీ. వరదకు కట్టడం కొట్టుకుపోయినా, పక్కింటి గోడ కూలినా ఇది ఆదుకుంటుంది, కానీ మీ దగ్గర పనిచేసే కూలీలు ఇందులోని మూడో పక్షం (బయటివారికి జరిగే నష్టం) రక్షణ పరిధిలోకి రారు. వారికి ఉద్యోగుల పరిహార పాలసీ విడిగా తీసుకోవాలి. 2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం లెక్కలో 30 ఏళ్ల కార్మికుడు పనిలో మరణిస్తే, నెల వేతనం 15,000 రూపాయలుగా తీసుకున్నప్పుడు అందులో సగాన్ని 207.98తో గుణించేవారు, అది 15,59,850 రూపాయలు. ఆ కుటుంబానికి న్యాయంగా అందాల్సిన ఈ మొత్తాన్ని పాలసీ లేని చిన్న కాంట్రాక్టర్ ఇల్లు అమ్మితే తప్ప కట్టలేడు.

పాలసీ చేతికి రాగానే పేర్లు చూడండి. చాలా టెండర్ పత్రాలు శాఖ, కాంట్రాక్టర్ ఇద్దరి ఉమ్మడి పేర్లతో బీమా ఉండాలంటాయి. మీరు తీసుకోకపోతే శాఖే తీసుకుని ప్రీమియాన్ని మీ బిల్లులో కోసుకోవచ్చు. బీమా మొత్తం పని పూర్తి విలువకు తగ్గకూడదు. సగానికే తీసుకుంటే నష్టపరిహారం కూడా ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది. నాసిరకం పనిని సరిచేసే ఖర్చు ఏ మొత్తానికి తీసుకున్నా రాదు.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది తేదీ. పని అప్పగించాక లోపాలు సరిచేయాల్సిన కాలానికీ రక్షణ కావాలంటే మెయింటెనెన్స్ కవర్ అడిగి చేర్పించుకోవాలి. భూసేకరణ ఆలస్యమైందనో, వర్షాలు పడ్డాయనో శాఖ గడువు పొడిగిస్తూ ఉత్తర్వు ఇచ్చినప్పుడు ఒప్పందం సాగుతుంది గాని, పాలసీ దానంతట అది సాగదు. కాబట్టి పొడిగింపు కోరుతూ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌కు లేఖ ఇచ్చిన రోజే, పాత పాలసీ ముగియకముందే, బీమా కంపెనీకీ పొడిగింపు కోరుతూ లేఖ ఇచ్చి, ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు చేసినట్టు కంపెనీ ఇచ్చే పత్రం) ప్రతిని ఒప్పందం ఫైలుకు జతచేయండి.