టనాగ్రాలో డార్మాక్, గడపలో సైంధవుడు

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఆదివారం పూట వచ్చారు, కావలి నుంచి కూడా కొందరు వచ్చినట్టున్నారు, చాలా సంతోషం. పోయిన వారం చూసిన డార్మాక్ ఎపిసోడే ఇవ్వాళ మళ్ళీ వేస్తున్నాం, చూసిందే మళ్ళీ ఎందుకండీ అని అడిగారు, అందుకే ఈ నాలుగు మాటలు.

స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ అనే అంతరిక్ష ఓడ కథల ఇంగ్లీషు టీవీ సీరియల్ 1987 నుంచి 1994 దాకా 7 సీజన్లు, 178 ఎపిసోడ్లు వచ్చింది. నేను వాటిని మొదట్నించి వరసగా మళ్ళీ చూస్తా ఒక్కోదానికి రివ్యూ రాసుకుంటున్నా. నా పద్ధతి ఏందంటే, ఎపిసోడ్ పెట్టకముందే నాకు గుర్తున్న కథ నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో రాస్తా, చూశాక కుడి పేజీలో అసలేం జరిగిందో రాస్తా.

ఈ డార్మాక్ అయిదో సీజన్‌లో రెండో ఎపిసోడ్, 1991లో వచ్చింది. నా ఎడమ పేజీలో ఏముందంటే ఇద్దరు కెప్టెన్లు ఒక గ్రహం మీద కత్తులతో కొట్టుకుంటారు, ఒకడు చచ్చిపోతాడు. మళ్ళీ చూస్తే వాళ్ళసలు కొట్టుకోనే కొట్టుకోరు! టమేరియన్లనే వేరే గ్రహం వాళ్ళ కెప్టెన్ డాథాన్, సీరియల్లో మన ఓడ కెప్టెన్ పికార్డ్‌కి కత్తి ఇవ్వబోయేది నాతో పోరాడమని కాదు, ఇద్దరి మీదకీ రాబోయే మృగాన్ని కలిసి ఎదుర్కొందామని. పికార్డ్ కూడా ముందు కొట్లాటకే అనుకుంటాడు. చిన్నప్పుడు కేబుల్లో చూసినప్పుడు నాకు ఇంగ్లీషు సరిగా రాదు, కత్తి కనపడింది కాబట్టి కొట్లాట అనుకున్నా, అదే ఇన్నేళ్ళూ మనసులో ఉండిపోయింది.

ఆ టమేరియన్లు ఏం చెప్పినా పాత కథల్లోని పేర్లతోనే చెప్తారు. మెషిన్ ప్రతి మాటా తర్జుమా చేస్తుంది, అయినా ఎవరికీ ఏమీ అర్థం కాదు. టెంబా, చేతులు చాచి అంటే ఇస్తున్నా తీసుకో అని. షాకా, గోడలు కూలినప్పుడు అంటే పని చెడిందని. టనాగ్రాలో డార్మాక్, జలాద్ అంటే ముక్కూ మొహం తెలీని ఇద్దరు ఒక దీవిలో కలిసి ఒకే శత్రువుతో పోరాడారని.

పోయిన వారం మనలో ఒకరు గట్టిగా అడిగారు, ఆ కథలు పిల్లలకి ముందు మామూలు మాటల్లో చెప్పాలి కదా, మామూలు మాటలే లేకపోతే ఎట్టా చెప్తారు అని. నేనూ ఒకప్పుడు ఇదే తప్పు పట్టా. అంతలో వెనక కూర్చున్న ఒక అమ్మాయి, ఓడలో పికార్డ్ తర్వాతి అధికారి రైకర్ గురించి, రైకర్ సైంధవుడిలా అడ్డం పడ్డాడు సార్ అనింది. నాకు వెంటనే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఎండిన వడ్లు గంపకెత్తి తల మీద పెట్టుకుని లోపలికి వస్తా ఉండేది, నేనేమో సరిగ్గా గడపలో కూర్చుని ఉండేవాణ్ణి. ఏందిరా సైంధవుడి మాదిరి అడ్డం కూర్చున్నావ్ అనేది, నేను లేచి పక్కకి జరిగేవాణ్ణి. అప్పుడు నాకు అయిదేళ్ళుంటాయి, అభిమన్యుడెవరో తెలీదు, పద్మవ్యూహం తెలీదు, వెనకాలే పోబోయిన పాండవుల్ని ఆపేసింది సైంధవుడని ఎన్నో ఏళ్ళకి గానీ తెలీలా. అయినా మాట అర్థమైంది, ఎందుకంటే ఆమె తల మీద గంప ఉంది, నేను దారిలో ఉన్నా. టమేరియన్ పిల్లలూ అట్టానే నేర్చుకుని ఉంటారు, ముందు చేతిలోకి అన్నం ముద్ద వస్తుంది, టెంబా ఎవరో తర్వాత తెలుస్తుంది.

మనం రోజూ అనే సైంధవుడు, శల్యసారథ్యం, ఉత్తరకుమారుడి ప్రగల్భాలు, ఈ మూడు కథలూ ద్రోణ, కర్ణ, విరాట పర్వాల్లోవి, అంటే తిక్కన తెలుగు చేసిన 15 పర్వాల్లోవే, ఆయన మనుమసిద్ధి దగ్గర ఉండింది ఈ నెల్లూర్లోనే. డార్మాక్ మనూరి కథలాగా అనిపించడానికి నాకు ఇంతకన్నా కారణం అక్కర్లా.

లోపాలు లేవని కాదు. అంత ఓడ కట్టినోళ్ళు నట్టు ఎంత బిగించాలో ఏ కథతో చెప్పుకుంటారో ఎపిసోడ్‌లో ఎక్కడా లేదు. ఆ మృగం కూడా ఇప్పుడు చూస్తే చౌకగా ఉంటుంది, దాన్ని నేను పట్టించుకోను.

నన్ను పట్టుకుంది ఆ అమ్మాయి మాటే. కింద ఇద్దరూ కలిసి మృగం మీదకి పోయే క్షణంలోనే పైన ఓడలో రైకర్ తన కెప్టెన్‌ని, మనుషుల్ని కరిగించి ఓడలోకి చేర్చే కిరణంతో వెనక్కి లాగాలని చూస్తాడు, పికార్డ్ శరీరం ఆ కిరణంలో సగం కరిగి అక్కడా ఇక్కడా కాకుండా ఆగిపోతుంది, కళ్ళెదుట డాథాన్ ఒంటరిగా దెబ్బలు తింటా ఉంటాడు. అప్పట్లో సస్పెన్స్ అనుకున్న ఈ సీన్ ఇప్పుడు చూడలేకపోయా. కానీ సైంధవుడు కావాలని ఆపాడమ్మా, రైకర్ కాపాడబోయి ఆపాడు. దానికి మన కథల్లో ఏ పేరు సరిపోతుందో వారం నుంచి వెతుకుతున్నా, నాకైతే దొరకలా.

తర్వాత రాత్రి మంట దగ్గర పికార్డ్ గిల్గమేష్, ఎంకిడుల కథ, అంటే మెసొపొటేమియా వాళ్ళ పాత పురాణ కథ చెప్తాడు. అప్పుడు పికార్డ్‌ని కాదు, డాథాన్ మొహం చూడండి. ఆ పేర్లు ఎప్పుడూ విననివాడు, ప్రాణం పోతా ఉన్నవాడు, ఇద్దరు స్నేహితుల్లో ఒకడు చచ్చిపోయే కథని ఎంత శ్రద్ధగా వింటున్నాడో చూడండి.

చూశాక ఎవరికైనా రైకర్‌కి సరిపోయే పేరు తోస్తే చెప్పండి, కుడి పేజీలో చోటు వదిలిపెట్టా. సరే, ఆ కిటికీ దగ్గరున్నవాళ్ళు కాస్త తలుపులు వెయ్యండమ్మా, స్క్రీన్ మీద ఎండ పడుతుంది.