సేంద్రియ పొలంలో యూదు విద్యార్థుల శ్రమదానం

శ్రోతలకు నమస్కారం. అమెరికా విశ్వవిద్యాలయాల్లో వసంతకాలం మొదట్లో, సాధారణంగా మార్చిలో, వారం రోజులు సెలవులిస్తారు. చాలామంది ఆ వారాన్ని విహారానికి వాడుకుంటే, కొందరు జట్టుగా బయలుదేరి ఎక్కడో ఒకచోట శ్రమదానం చేసి వస్తారు. 1923లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టి, తరువాత ఎన్నో విద్యాలయాలకు విస్తరించిన హిల్లెల్ అనే యూదు విద్యార్థి సంస్థ కూడా ఇలాంటి యాత్రలను నడుపుతుంది. సేంద్రియ పొలాలకు వెళ్లే యాత్రలు వాటిలో ఒక రకం. పొలం పనిలో ప్రత్యేకత ఏముందని మనకు అనిపించవచ్చు. పొలం గురించి వేల ఏళ్లుగా చదువుతూ, శతాబ్దాల తరబడి పొలానికి దూరంగా బతికిన జాతి పిల్లలు వాళ్లు. ప్రత్యేకత అక్కడుంది.

ముందు పని సంగతి చూద్దాం. ఈశాన్య అమెరికాలో మార్చి నాటికి కోతకు వచ్చే పంట దాదాపు ఉండదు. అక్టోబరులో నాటిన వెల్లుల్లి, పైన పరచిన ఎండుగడ్డిని తోసుకుని అప్పుడప్పుడే మొలక చూపుతుంటుంది. చలికి నేల గడ్డకట్టడం, కరగడం, మళ్లీ గడ్డకట్టడం వల్ల అడుగునున్న రాళ్లు ఏటా పైకి తేలుతాయి కాబట్టి, దుక్కికి ముందు వాటిని ఏరి గట్టున పోయాలి. నారుమళ్లలో విత్తనం వేయాలి, కలుపు తీయాలి, కంపోస్టు కుప్పను పారలతో తిరగేయాలి. ఈ తిరగేయడానికి కూడా లెక్క ఉంది. పశువుల పెంట కలిసిన కంపోస్టును సేంద్రియ పంటకు నిరభ్యంతరంగా వాడుకోవాలంటే, బారుగా పోసిన కుప్పలో వేడి 15 రోజులపాటు 55 నుంచి 77 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలవాలని, ఆలోగా కనీసం ఐదుసార్లు తిరగేయాలని అక్కడి నిబంధన. మార్చి చలిలో కుప్పను కదిపినప్పుడు లేచే ఆవిరిని చూస్తే ఆ అంకెలు కాగితం మీది మాటలు కావని తెలుస్తుంది.

యూదులు పొలానికి దూరమైంది ఇష్టంతో కాదు. ఐరోపాలో చాలాచోట్ల వారికి భూమి కొనే హక్కు ఉండేది కాదు. రష్యా సామ్రాజ్యంలో 1881లో జార్ చక్రవర్తి హత్య తరువాత యూదుల మీద దాడులు చెలరేగాయి. మరుసటి ఏడు వచ్చిన మే చట్టాలు, వారు పట్టణాల బయట కొత్తగా స్థిరపడకుండా, భూములు కొనకుండా అడ్డుకట్ట వేశాయి. అదే 1882లో, అలా వలస వచ్చిన కుటుంబాలు న్యూజెర్సీలో అలయెన్స్ అనే వ్యవసాయ వాడను నెలకొల్పాయి. ఫిలడెల్ఫియాకు చెందిన మతగురువు జోసెఫ్ క్రౌస్కాఫ్ 1894లో రష్యా వెళ్లి రచయిత టాల్‌స్టాయ్‌ను కలిశారు. యూదు యువకులకు సేద్యం నేర్పాలన్న సంకల్పంతో తిరిగి వచ్చి, 1896లో పెన్సిల్వేనియాలోని డాయిల్స్‌టౌన్‌లో నేషనల్ ఫార్మ్ స్కూల్‌ను స్థాపించారు. అది నేడు డెలవేర్ వ్యాలీ విశ్వవిద్యాలయంగా నడుస్తోంది. అయినా తరువాతి తరాలు నగరాలకే చేరాయి కాబట్టి, ఇప్పటి విద్యార్థుల్లో చాలామందికి తాతముత్తాతల కాలం నుంచీ కొడవలి పట్టిన చేయి ఇంట్లో లేదు.

కానీ వారి ధర్మశాస్త్రం నిండా సేద్యమే. శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలయ్యే సబ్బాతు అనే విశ్రాంతి దినాన చేయకూడని పనులను మిష్నా అనే ప్రాచీన గ్రంథం 39గా లెక్కించింది. విత్తడం, దున్నడం, కోయడం, పనలు కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం అని ఆ జాబితా మొదలవుతుంది. నగరంలో పెరిగిన విద్యార్థి ఈ పనులను మానడమే ఎరుగును గాని, చేయడం ఎరుగడు. వారమంతా నడుము వంచి మడిలో పనిచేసి, శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే పారలు కడిగి లోపల పెట్టినప్పుడు గాని, మానడమంటే ఏమిటో ఒంటికి తెలియదు. అయితే మేకలకు సబ్బాతు లేదు. పొదుగు నిండితే వాటికి బాధ. పాలు పితకడం నిషిద్ధ పనుల్లోకే వస్తుంది గనుక, నియమం గట్టిగా పాటించే చోట ఆ పని యూదేతరులకు అప్పగిస్తారు. ఆ వీలు లేకపోతే పితికిన పాలను నేలపాలు చేస్తారు. నష్టమైనా సరే, మూగజీవి బాధపడకూడదన్నది అక్కడి తీర్పు.

వంటింట్లో మరో చిక్కు ఎదురవుతుంది. కోషర్ అనే యూదుల ఆహార నియమం ప్రకారం పురుగు తినడం నిషిద్ధం. పురుగుమందు కొట్టని పాలకూరలో పేనుబంక తరచూ ఉంటుంది. ఆకులను ఉప్పునీళ్లలో నానబెట్టి, ఒక్కొక్క ఆకునూ వెలుతురుకు అడ్డంగా పట్టి, ఆకు ఈనెల సందుల్లో ఆవగింజంత పచ్చటి చుక్క కదులుతోందా అని వెతకాలి. సేంద్రియమూ కోషరూ ఒకటేనని ప్రచారం చేసేవారు ఈ సింకు దగ్గర ఒక గంట నిలబడితే మంచిదని నాకు అనిపిస్తుంది.

పొలం మూలలు కోయకుండా వదలమని, రాలిన పరిగెను పేదలకు, పరదేశులకు విడిచిపెట్టమని బైబిలులోని లేవీయకాండం చెబుతుంది. బోయజు అనే భూస్వామి చేనులో రూతు అనే పరదేశి విధవ యవల పరిగె ఏరుకున్న కథ మన శ్రోతల్లో బైబిలు చదివినవారికి తెలిసిందే. ఆ మూల ఎంత ఉండాలన్న ప్రశ్నకు, అరవైలో ఒక వంతుకు తగ్గకూడదని మిష్నా కొలత కట్టింది. ఇజ్రాయెల్‌లో 2003లో మొదలైన లెకెట్ అనే సంస్థ నేటికీ స్వచ్ఛంద సేవకులతో పొలాల్లో మిగిలిన కాయగూరలను కోయించి, లేనివారికి పంచిపెడుతుంది.

ఇంతకూ ఈ శ్రమదానం వల్ల పొలానికి ఒరిగేదెంత? నా ఉద్దేశంలో తక్కువే. మొలకకూ కలుపుకూ తేడా చెప్పడానికే సగం పూట గడిచిపోతుంది. రాళ్లు ఏరడం, గడ్డి పరచడం వంటి పనుల్లో మాత్రం పదిమంది చేతులు నిజంగా అక్కరకొస్తాయి. ఇక్కడే మరొక మాట చెప్పాలి. మన గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తమను బెనే ఎఫ్రాయిం అని చెప్పుకుని యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. వారిలో చాలామందికి వ్యవసాయ కూలియే జీవనాధారం. కలుపు తీయడం వారికి సెలవు వారపు అనుభవం కాదు, ఆ పూట కూడు. ఒకే ధర్మశాస్త్రాన్ని చదివే ఈ ఇద్దరిలో పరిగె వాక్యం ఎవరికి ఎలా వినిపిస్తుందో ఆ విద్యార్థులు కూడా ఆలోచించదగినది.

వారం చాలలేదనుకున్న యువతకు నెలల తరబడి సాగే శిక్షణలూ ఉన్నాయి. 2003లో కనెక్టికట్ రాష్ట్రంలోని ఫాల్స్ విలేజ్‌లో మొదలైన ఆడమా వాటిలో పేరున్నది. అక్కడ చేరినవారు కలిసి ఉంటూ కూరగాయలు పండించేవారు, మేకల పాలు పితికేవారు, క్యాబేజీని ఉప్పులో ఊరబెట్టి జాడీలకెత్తి అమ్మేవారు. అక్కడ పొద్దున్నే లేవడం ఎవరి ఇష్టానికీ వదిలేవారు కాదు, మేకలు ఆగవు. సెలవు.