నాకు మూర్ఛ లేదు నాయనా

వేదిక మీది పెద్దలకు, ఆదివారం సాయంత్రం పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పరిచయం చేస్తూ నన్ను డాక్టర్ అన్నారు. నేను డాక్టరును కాను. ఇదే మద్రాసులో 31 ఏళ్లు ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై గదుల్లో రేడియోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. రిపోర్టు రాసేది డాక్టర్లు, మిమ్మల్ని ఆ బల్ల మీద పడుకోబెట్టేది మేము. కాబట్టి బల్ల మీద పడుకున్నవాళ్ల వైపు నుంచే మాట్లాడతాను.

నాకిచ్చిన అంశం స్కాన్‌ల మధ్య తేడాలు. "అమ్మా, వీటిలో మంచి స్కాన్ ఏది? డబ్బుకు వెనకాడం, అదే తీయండి" అని ఎంతమంది అడిగారో లెక్కలేదు. పొలం అమ్మి వచ్చినవాళ్లు కూడా అలాగే అడుగుతారు. ధర ఎక్కువైతే స్కాన్ గొప్పదనుకుంటారు. దయచేసి ఆ మాట మనసులోంచి తీసేయండి. గరిటె పని గరిటెది, జల్లెడ పని జల్లెడది.

1895 డిసెంబరులో, ఎక్స్‌రేలను కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ తన భార్య చేతికి ఎక్స్‌రే తీశాడు. ఎముకలూ, వేలి ఉంగరమూ కనిపించాయి. ఇప్పటికీ ఎముక విరిగిందంటే, ఛాతీలో నెమ్ము చేరిందంటే మొదట తీసేది అదే. పిత్తాశయంలో రాళ్లకు అల్ట్రాసౌండ్ చాలా మంచి పరీక్ష. అందులో రేడియేషన్ అసలే లేదు. సీటీలో కనబడని రాళ్లు కూడా కొన్ని దానిలో కనబడతాయి. అయినా "అల్ట్రాసౌండేనా?" అని ముఖం చిన్నబుచ్చుకుంటారు!

ఇక సీటీ. అదీ ఎక్స్‌రేలతోనే, ఒంటిని పొరలు పొరలుగా చూపిస్తుంది. ఒంటికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. ఛాతీ ఎక్స్‌రేలో అది 0.1 మిల్లీసీవర్ట్ లేదా అంతకంటే తక్కువ. మట్టి నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 దాకా ఎలాగూ చేరుతుంది. పొట్ట సీటీకి 8 నుంచి 10 వరకు ఉంటుంది, అంటే ప్రకృతి మూడు నాలుగేళ్లలో ఇచ్చేది ఒక్క పూటలో. భయపెట్టడానికి చెప్పడం లేదు. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిన మనిషికి లోపల రక్తం కారిందో లేదో సీటీ క్షణాల్లో చెబుతుంది. ఎమ్మారైకి అరగంట కదలకుండా పడుకోవాలి, అతని దగ్గర ఆ అరగంట ఉండదు. అక్కడ సీటీ ప్రాణదాత. నిరుడు తీసిన ఫిల్ములు ఇంట్లో బీరువాలో పెట్టి వచ్చి, మళ్లీ తీయించుకోవడమే నాకు బాధ.

వెన్నుపూసల మధ్య డిస్కు, మోకాలి లిగమెంటు, మెదడు, వీటికి ఎమ్మారై. రేడియేషన్ లేదు కానీ అది అయస్కాంతం. అయస్కాంత బలాన్ని టెస్లాలలో కొలుస్తారు. 1.5 టెస్లా యంత్రమంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు. స్కాన్ జరగకపోయినా రాత్రీపగలూ పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లిన యువకుడు ప్రాణమే పోగొట్టుకున్నాడు. అందుకే నగలన్నీ తీయమంటాం. బంగారాన్ని అయస్కాంతం లాగదు కదా అంటారు. నిజమే, కానీ లోహం వేడెక్కవచ్చు, చిత్రం చెదరవచ్చు. మంగళసూత్రం తీయమన్నప్పుడు ఎంతమంది కళ్లలో నీళ్లు తిరిగాయో! భర్త కూడా లోపల మంచం మీద ఉన్న ఒకావిడ రెండు చేతులతో సూత్రాలను గుప్పిట బిగించి వదల్లేదు. అప్పటి నుంచి నా డెస్కులో పసుపు దారం, పసుపు కొమ్ములు ఉంచేదాన్ని. కొమ్ము కట్టిన దారం మెడలో వేసుకున్నాకే సూత్రం తీసేవారు. రెండు నిమిషాల పని.

పెట్ స్కాన్ గురించి రెండు పేజీలు రాసుకొచ్చాను. ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. చక్కెరలాంటి మందు ఎక్కించి, క్యాన్సర్ కణాల్లాగా ఎక్కువ చక్కెర తినే కణాలు ఎక్కడున్నాయో చూస్తారు. అందుకే షుగరు మందుల సంగతి ముందే చెప్పాలి. మిగతా సమయం నేను ఒక అవ్వకు ఇవ్వాలి.

1996. నాయుడుపేట వైపు నుంచి ఉదయం రైలులో వచ్చిన అవ్వ. పొట్ట సీటీ. కొడుకు బయట బిల్లు కడుతున్నాడు. నేను పక్క గదిలో ఎక్స్‌రేలు తీస్తున్నాను. లోపల మైకులో తమిళంలో "మూచ్చ ఇళుత్తు పిడింగ" అన్నారు. ఊపిరి పీల్చి పట్టుకోమని. అవ్వ చెవికి అది "మూర్ఛ" అని వినిపించింది. "నాకు మూర్ఛ లేదు నాయనా" అంది. మాట్లాడితే పొట్ట కదులుతుంది, చిత్రం చెదిరింది. మళ్లీ మైకు, మళ్లీ అదే జవాబు. మూడుసార్లు తీశారు. ఇందాక చెప్పిన లెక్క గుర్తుంది కదా, దాన్ని పెంచి చూసుకోండి.

బయటికొచ్చాక వరండాలో నా చేయి పట్టుకుని అడిగింది: "నాకు మూర్ఛ ఉందని తేలిందా తల్లీ?" లోపలికి వెళ్లి కాగితం చూశాను. "రోగి సహకరించలేదు" అని రాసి ఉంది.

సహకరించకపోవడమా? అడిగిన ప్రతిసారీ జవాబిచ్చింది కదండీ ఆవిడ! గోడకు ఇవతల తెలుగు మనిషిని నేనున్నాను. ఎవరూ పిలవలేదు. నేనూ వెళ్లి అడగలేదు. మైకులో మాట్లాడినవాడు చెడ్డవాడు కాదు, పొద్దుటి నుంచి అతనికి అది పదిహేనో రోగి. కానీ ఆ ఒక్క వాక్యం ఆవిడ ఫైల్లో ఉండిపోయింది.

నెల్లూరు, చిత్తూరు నుంచి ఈ ఊరి ఆసుపత్రులకు మనవాళ్లు ఇప్పటికీ రోజూ దిగుతున్నారు. మీ ఇళ్లకే వస్తారు, మీ వెంటే వెళతారు. అందుకే ఒక పని చేయండి. అందరూ, వెనక వరుసలో ఉన్నవారు కూడా. గాలి గట్టిగా పీల్చండి. బిగపట్టండి. నేను పది లెక్కపెడతాను, ఎవరూ మాట్లాడకూడదు.

ఇక వదలండి. అంతే. ఇంటి దగ్గర నాలుగుసార్లు చేయిస్తే ఎనభై ఏళ్లవారికీ వస్తుంది.

తలుపు దగ్గర బల్ల మీద చిన్న కాగితాలు పెట్టించాను. "పీల్చండి, బిగపట్టండి, వదలండి" అనే మూడు తెలుగు మాటలు తమిళ అక్షరాల్లో ఉన్నాయి. లోపల మైకు ముందు కూర్చునే వారి చేతికి ఇవ్వండి. తమిళ లిపిలో మన గ, బ, డ అక్షరాలు విడిగా ఉండవు కాబట్టి వారు "పికపట్టండి" అన్నా అనవచ్చు. అవ్వలకు అర్థమవుతుంది, నేను చూశాను. తలా నాలుగు తీసుకెళ్లండి. అయిపోతే ఇంకా ఉన్నాయి, నా సంచిలో.