హెన్రీ రాయిస్, మెకానిక్

పెద్దలకూ, ముందు వరుస ఖాళీగా వదిలేసి వెనక బెంచీల్లో సర్దుకున్న మిత్రులకూ నమస్కారం.

రోల్స్ రాయిస్ గురించి మాట్లాడమన్నారు. ముందే చెప్పేస్తున్నాను, ఆ కారు నేను కొనలేదు, నడపలేదు, ఎక్కలేదు. ముప్పై ఏళ్ళు పాలిటెక్నిక్‌లో పిల్లలకు ఫైలింగు, ఫిట్టింగు నేర్పి రిటైరైనవాణ్ణి. కాబట్టి దాని ధర, లోపలి తోలు సీట్లు, ఏ సినిమా హీరో దగ్గర ఎన్నున్నాయి అనే లెక్కలు నా దగ్గర దొరకవు. షెడ్డు వైపు నుంచి చెప్పగలను, అంతే.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఒక కథ విననివారుండరు. మన రాజుగారొకరు లండన్‌లో మామూలు బట్టల్లో షోరూంకి వెళ్ళారట. సేల్స్‌మన్ ఎగాదిగా చూసి పొమ్మన్నాడట. ఆయన హోటల్‌కి వెళ్ళి, రాజలాంఛనాలతో తిరిగొచ్చి, షోరూంలో ఉన్న కార్లన్నీ కొనేసి, ఊరికి తెచ్చి, మున్సిపాలిటీ చెత్త ఎత్తడానికి పెట్టారట. కంపెనీ పరువు గంగలో కలిసి, క్షమించండి మహాప్రభో అని టెలిగ్రాం కొట్టిందట. హైదరాబాదులో వింటే ఆ రాజు నిజాం. రాజస్థాన్‌లో వింటే అల్వార్ జైసింగ్. ఇంకోచోట భరత్‌పూర్, మరోచోట పాటియాలా. రాజు మారతాడు, చెత్త మాత్రం అదే. ఆ టెలిగ్రాం కాగితం నాకింతవరకూ ఎవరూ చూపించలేదు. పుక్కిటి పురాణం అనే నా అభిప్రాయం.

అయినా ఎందుకు నచ్చుతుంది మనకి? బట్టలు చూసి మనిషిని తీసిపారేసిన దొరకి బుద్ధి చెప్పాం కదా, అందుకు. నాకు నవ్వొచ్చేది ఎక్కడంటే, ఆ కారు తయారుచేసిన మనిషే చిన్నప్పుడు ఆ షోరూం గుమ్మం ఎక్కుంటే, అదే సేల్స్‌మన్ వాణ్ణి కూడా బయటికి గెంటేవాడు.

ఆయన పేరు హెన్రీ రాయిస్. 1863లో ఇంగ్లండ్‌లో పీటర్‌బరో దగ్గర ఆల్వాల్టన్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రిది పిండి మర. మర దివాలా తీసింది. పిల్లాడికి తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. రైల్వే స్టేషన్లో పేపర్లు అమ్మాడు, తర్వాత లండన్‌లో మేఫెయిర్ అనే ధనవంతుల పేటలో టెలిగ్రాములు పంచాడు. బడి చదువు ఏడాదికి మించి లేదు. పిన్ని ఒకావిడ ఏటా ఇరవై పౌండ్లు కట్టి పీటర్‌బరో రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేర్పించింది. మూడేళ్ళకి ఆవిడ డబ్బూ అయిపోయింది, ఆ చదువూ ఆగిపోయింది. సర్టిఫికెట్టు చేతికి రాలేదు. మా పాలిటెక్నిక్‌లో కూడా ఇలాంటి పిల్లలు ప్రతి బ్యాచిలో ఒకరిద్దరు ఉండేవారు, ఫీజు దగ్గర ఆగిపోయేవారు. చెయ్యి మాత్రం బంగారం.

1884లో ఇరవై ఒకటో ఏట, స్నేహితుడు ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్‌తో కలిసి మాంచెస్టర్ కుక్ స్ట్రీట్‌లో చిన్న షెడ్డు పెట్టాడు. రాయిస్ పెట్టుబడి 20 పౌండ్లు, స్నేహితుడిది 50. కాలింగ్ బెల్లులు, బల్బు హోల్డర్లతో మొదలై డైనమోలు, ఎలక్ట్రిక్ క్రేన్ల దాకా వెళ్ళారు. ఆయన డైనమోలకు నిప్పురవ్వలు రావని పేరు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

తర్వాత జర్మనీ నుంచీ అమెరికా నుంచీ చౌక సరుకు దిగి, క్రేన్ల వ్యాపారం డల్లయింది. ఆ రోజుల్లో 1903లో రాయిస్ ఒక సెకండ్‌హ్యాండ్ ఫ్రెంచి కారు కొన్నాడు, డికావిల్ అని. అది చెడ్డ కారేం కాదు, ఆ కాలానికి మంచిదే. కానీ ఈయన చెవికి సరిపడలేదు. దడదడమంటుంది, అదురుతుంది, కరెంటు పని నాసిగా ఉంది. విప్పాడు. విప్పినవాడు మళ్ళీ అలాగే బిగించి ఊరుకోలేదు, ప్రతి భాగాన్నీ తన పద్ధతిలో చేసుకున్నాడు. 1904 ఏప్రిల్ 1న, పది హార్స్‌పవర్ల రెండు సిలిండర్ల సొంత కారు కుక్ స్ట్రీట్ నుంచి బయటికొచ్చింది. అందులో కనిపెట్టింది ఏమైనా ఉందా అంటే పెద్దగా లేదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. రాయిస్ కొత్తది కనిపెట్టే రకం కాదు. ఉన్నదాన్ని తీసుకుని ఇంకెవరూ వంక పెట్టలేనంత వరకూ అరగదీసే రకం. డైనమోలో రవ్వలు రాకుండా చూసుకున్న చెయ్యే ఇంజన్ ఇగ్నిషన్ మీద పడింది. మోటారు కారు కుర్రాళ్ళలో చాలామంది అప్పట్లో సైకిలు షాపుల నుంచో గుర్రబ్బళ్ళ నుంచో వచ్చారు. ఈయన కరెంటు పని నుంచి వచ్చాడు. ఆ తేడా చెవికి వినిపించింది.

ఇక రెండో పేరు. చార్లెస్ రోల్స్, 1877లో పుట్టాడు, మన్మత్ దగ్గర పెద్ద జమీందారీ ఉన్న ప్రభువు గారి అబ్బాయి. కేంబ్రిడ్జ్‌లో ఇంజనీరింగ్ చదివాడు. కార్ల పందేలు, బెలూన్లు, చివరికి విమానాలు. లండన్‌లో ఫారిన్ కార్లు తెచ్చి అమ్మే దుకాణం నడిపేవాడు. సాటి ఇంగ్లీషువాళ్ళు చేసిన మంచి కారు ఒకటైనా అమ్మలేకపోతున్నానే అని బాధ. వీళ్ళిద్దర్నీ హెన్రీ ఎడ్మండ్స్ అనే పెద్దమనిషి కలిపాడు. 1904 మే 4న మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్లో కలిశారు. రెండు సిలిండర్ల బండంటే రోల్స్‌కి ఇష్టం లేదు, అయినా ఎక్కి చూశాడు, మనసు పారేసుకున్నాడు. రాయిస్ ఎన్ని చేస్తే అన్నీ నేను అమ్ముతాను, పేరు మాత్రం రోల్స్ రాయిస్ అని ఉండాలి అన్నాడు. అమ్మేవాడి పేరు ముందు, చేసేవాడి పేరు వెనక. లోకరీతి.

రాయిస్ టెలిగ్రాములు పంచిన పేట, రోల్స్ పుట్టిన ఇల్లు ఒక్కచోటే. అందుకని కొందరు, ఆ బిడ్డ పుట్టినప్పుడు శుభాకాంక్షల టెలిగ్రాములు తెచ్చిచ్చింది రాయిసే అయ్యుంటాడని అల్లుతారు. నమ్మను గానీ, అల్లిక బాగుంది.

1906 మార్చిలో కంపెనీ రిజిస్టరైంది. నాలుగేళ్ళు దాటాయో లేదో, 1910 జూలై 12న, బోర్న్‌మత్‌లో విమాన ప్రదర్శనలో రోల్స్ కూలిపోయి చనిపోయాడు. 32 ఏళ్ళు. ఇంజన్ ఉన్న విమానం ప్రమాదంలో పోయిన మొదటి బ్రిటిష్ మనిషి ఆయనే. అంతకు నెల ముందే ఇంగ్లిష్ చానల్‌ని ఆగకుండా దాటి వెనక్కొచ్చాడు. అంటే, మనం ఇవాళ కూడా పేరు ముందు భాగంలో పలికే మనిషి ఆ కంపెనీలో ఉన్నది పిడికెడు సంవత్సరాలు.

ఇంతకీ పరువు ఎవరు కట్టారు? కంపెనీ వ్యవహారాలు నడిపే క్లాడ్ జాన్సన్ అని ఒకాయన ఉన్నాడు. రెండు పేర్ల మధ్య ఉండే చిన్న గీత ఆయనేనని అప్పట్లోనే అనేవారు. రాయిస్ చేసిన ఆరు సిలిండర్ల కొత్త చాసిస్‌లలో, అంటే బాడీ కట్టని బండ్లలో, పన్నెండోదాన్ని తీసుకుని, 1907లో, వెండి రంగు వేయించి, వెండి పూత సామాన్లు బిగించి, 'సిల్వర్ ఘోస్ట్' అని పలక పెట్టించాడు. వెండి దెయ్యం. చప్పుడు లేకుండా వస్తుంది కనక దెయ్యం. రిజిస్ట్రేషన్ నంబరు ఏఎక్స్ 201. పేరు పెట్టి ఊరుకోలేదు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ మనుషుల్ని పక్కన కూర్చోబెట్టి, 15,000 మైళ్ళు నడిపించాడు. లండన్ నుంచి గ్లాస్గో, గ్లాస్గో నుంచి లండన్, రాత్రీ పగలూ, ఆదివారం మాత్రం సెలవు. ఆ రోడ్లు ఎలాంటివో, ఆ టైర్లు ఎలాంటివో మీరే ఊహించుకోండి. 629 మైళ్ళ దగ్గర కుదుపులకి పెట్రోలు కుళాయి దానంతటదే మూసుకుపోయి బండి ఆగింది. ఒక్క నిమిషం. కుళాయి తిప్పారు. ఆ తర్వాత 14,371 మైళ్ళు దానంతట అది ఆగలేదు. అయ్యాక క్లబ్బువాళ్ళు బండిని నట్టుబోల్టులతో సహా విప్పి కొలిచారు. అరిగిన భాగాలు మార్చి మళ్ళీ కొత్తదానిలా చెయ్యడానికి లెక్క తేలింది రెండు పౌండ్ల రెండు షిల్లింగుల ఏడు పెన్నీలు.

నా మటుకు నాకు ఈ ఏడు పెన్నీలంటే చాలా ఇష్టం. 'ప్రపంచంలోకెల్లా ఉత్తమమైన కారు' అని ప్రకటన ఎవడైనా వేస్తాడు. పెన్నీలతో సహా లెక్క రాసి చూపించినవాడి మాట జనం వింటారు. ఆ బండి తర్వాత అమ్ముడై నాలుగు లక్షల మైళ్ళకు పైగా తిరిగింది.

అలాగని ఎప్పుడూ ఆగలేదా? ఆగింది. 1912లో ఆల్ప్స్ పర్వతాల పోటీలో జేమ్స్ రాడ్లీ అనే ఆయన సొంత సిల్వర్ ఘోస్ట్‌తో దిగితే, కాట్ష్‌బర్గ్ కనుమలో నిండు లోడుతో ఎక్కలేక నిలబడిపోయింది. గేర్లు మూడే, ఏటవాలుకి చాలలేదు. రాయిస్ దగ్గరికి వార్త వెళ్ళింది. మరుసటేడు నాలుగు గేర్ల పెట్టెతో వెళ్ళి అదే కొండల మీద పేరు తెచ్చుకున్నారు. 'రోల్స్ రాయిస్ చెడిపోదు, ముందుకు సాగదంతే' అని ఒక డాబు మాట ఉంది చూడండి, అది అమ్మకాల విభాగం భాష. షెడ్డు భాష వేరు. చెడిపోయింది, ఎందుకు చెడిపోయింది, గేరు ఇంకొకటి వెయ్యి. పరువంటూ వస్తే అక్కణ్ణుంచి వచ్చింది.

రేడియేటర్ మూత మీద రెక్కలు విప్పినట్టు వంగి ఉండే బొమ్మ 1911లో వచ్చింది. చెక్కింది చార్లెస్ సైక్స్. మోడల్‌గా నిలబడింది ఎలినార్ థార్న్‌టన్ అని చెబుతారు, మాంటాగ్ ప్రభువు దగ్గర కార్యదర్శి. 1915 డిసెంబర్ 30న ఎలినార్, మాంటాగ్ ఇద్దరూ మన దేశానికి వస్తున్న పర్షియా అనే ఓడని మధ్యధరా సముద్రంలో జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ప్రభువు బతికాడు, ఆవిడ దక్కలేదు. కోట్ల మంది చూసే బొమ్మ, దాని వెనకున్న మనిషి మన తీరానికి చేరనే లేదు.

ఇక్కడ మనవాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యే సంగతి ఒకటి. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ కారు అమ్మేది కాదు, చాసిస్ అమ్మేది. ఇంజను, చక్రాలు, ముందు రేడియేటర్. బాడీ మీరు కట్టించుకోవాలి. లారీ చాసిస్ కొని విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకున్నట్టే! లండన్‌లో బార్కర్, హూపర్ లాంటి బాడీ బిల్డర్లు ఉండేవారు. మన సంస్థానాధీశులకి కావలసింది అదే. వేటకి ఒక రకం, ఊరేగింపుకి ఒక రకం, రాణివాసానికి పరదాలతో ఇంకో రకం. కారు ఒకటే, కోరికలు వేరు.

అలా కట్టినదాన్ని చూడాలంటే లండన్ పోనక్కర్లేదు. చార్మినార్ దగ్గర చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళండి. 1912 నాటి పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్ అక్కడ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చారు, బార్కర్ వాళ్ళు బాడీ కట్టారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. కానీ ఆయన 1911లోనే పోయారు. బండి వచ్చేసరికి గద్దె మీద ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నారు. అది తిరిగింది చాలా తక్కువ. అదే చాసిస్, అదే ఇంజను. ఒకటి స్కాట్లాండ్ రోడ్ల మీద ఒళ్ళు హూనం చేసుకుంది, ఇంకోటి సింహాసనంలా కూర్చుంది. నేను వెళ్ళిన ప్రతిసారీ దాని ముందు ఫోటో దిగేవాళ్ళ వరుస. కిందికి వంగి స్ప్రింగుల వైపు చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. కాపలా అతనికి అనుమానం కూడా వచ్చింది.

విమానాల సంగతి త్వరగా ముగిస్తాను, దానికి వేరే రోజు కావాలి. 1919లో ఆల్‌కాక్, బ్రౌన్ అట్లాంటిక్ దాటింది రోల్స్ రాయిస్ ఈగిల్ ఇంజన్లతోనే. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్‌ని లేపింది మెర్లిన్. అసలు కంపెనీకి కార్ల కంటే విమానాల ఇంజన్లే పెద్ద వ్యాపారమైపోయాయి. ఆ పెద్ద వ్యాపారమే ముంచింది కూడా. లాక్‌హీడ్ విమానం కోసం ఆర్‌బీ 211 అనే ఇంజన్‌కి ఒప్పుకున్నారు. ఇంజన్ ఫ్యానుకి కార్బన్ ఫైబర్ రెక్కలు పెడదామనుకుంటే, పక్షి తగిలితే ఏమవుతుందో చూసే పరీక్షలో అవి నిలవలేదు. ఖర్చు కొండలా పెరిగింది. 1971 ఫిబ్రవరి 4న రోల్స్ రాయిస్ దివాలా. ప్రైవేటు వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదని చెప్పి గెలిచిన బ్రిటిష్ ప్రధాని హీత్ గారి ప్రభుత్వమే దాన్ని జాతీయం చేసింది. కార్ల విభాగాన్ని విడదీసి 1973లో వేరే కంపెనీ చేశారు. తర్వాత అది విక్కర్స్ అనే ఇంకో బ్రిటిష్ కంపెనీ చేతికి వెళ్ళింది.

అసలు తమాషా 1998లో. విక్కర్స్ కార్ల కంపెనీని అమ్మకానికి పెడితే ఫోక్స్‌వాగన్ 430 మిలియన్ పౌండ్లు పోసి కొంది. క్రూ పట్నంలో ఫ్యాక్టరీ వచ్చింది, అదే కంపెనీ చేసే బెంట్లీ అనే ఇంకో కారు వచ్చింది, రెక్కల బొమ్మ వచ్చింది, ముందు గ్రిల్లు ఆకారం మీద హక్కు కూడా వచ్చింది. రానిది ఒక్కటే, పేరు. ఆ పేరు విమాన ఇంజన్ల కంపెనీ చేతిలో ఉండిపోయింది. వాళ్ళు దాన్ని బీఎండబ్ల్యూకి 40 మిలియన్లకి ఇచ్చేశారు. ఇల్లు కొన్నాక గుమ్మం మీద ఇంటిపేరు వేరేవాళ్ళదని తేలినట్టు. చివరికి రాజీ పడ్డారు. 2003 నుంచి రోల్స్ రాయిస్ బీఎండబ్ల్యూది, పాత ఫ్యాక్టరీలో బెంట్లీలు. పాత ఫ్యాక్టరీలో చేతులు తిరిగిన పనివాళ్ళు ఉండిపోయారు, పేరు ఒక్కటే సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. ఇది మోసమని నేననను. కానీ ఆ ఒప్పందాల గురించి చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పేరు ఎక్కడికి వెళ్ళిందో చెప్పి దిగిపోతాను. బీఎండబ్ల్యూ కొత్త ఫ్యాక్టరీని దక్షిణ ఇంగ్లండ్‌లో గుడ్‌వుడ్ దగ్గర కట్టింది. అక్కణ్ణుంచి కొద్ది మైళ్ళ దూరంలో సముద్రం పక్కన వెస్ట్ విట్టరింగ్ అనే ఊరుంది. 1911లో ఒళ్ళు పాడైన రాయిస్‌ని కంపెనీవాళ్ళు ఫ్యాక్టరీకి రావద్దన్నారు. ఆయన చివరి సంవత్సరాల్లో ఆ ఊళ్ళో ఉండి, డ్రాయింగులు అక్కణ్ణుంచే పంపేవాడు. 1930లో ప్రభుత్వం సర్ బిరుదిచ్చింది. 1933 ఏప్రిల్ 22న అక్కడే పోయాడు. సర్ అయ్యాక కూడా సంతకం కింద 'మెకానిక్' అని రాసుకునేవాడంటారు. అస్థికలు ముందు డెర్బీలో ఉన్న కంపెనీ ఫ్యాక్టరీలో ఉంచారు, నాలుగేళ్ళ తర్వాత ఆల్వాల్టన్ చర్చికి తీసుకెళ్ళారు, పిండి మర ఉన్న ఊరికి.

ప్రశ్నలుంటే అడగండి. రాజుగారి చెత్తబండ్ల గురించి కాకుండా.