ఓయూ ఇంగ్లీష్ ప్రొఫెసర్ శివ్ కె. కుమార్: ఒక కవిత, ఒక నవల

అందరికీ నమస్కారం. ఓయూలో, అంటే ఉస్మానియా యూనివర్సిటీలో, ఇంగ్లీష్ ఎంఏ చేసినవాళ్లను అడిగితే ఈ పేరు చెప్తారు. మిగతావాళ్లకు పెద్దగా తెలియదు, నా బాధంతా అదే. శివ్ కె. కుమార్ 1921లో లాహోర్‌లో పుట్టారు. ఉస్మానియాలో, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంగ్లీష్ చెప్పారు. 2017లో ఇక్కడే కన్నుమూశారు. పాఠాలు చెప్తూనే కవితలు, నవలలు రాశారు. 1987లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది మాత్రం కవిత్వానికే.

ముందు కవిత, 'ఇండియన్ విమెన్'. ఒక పేజీ కూడా ఉండదు. ఊరి బావి దగ్గర ఆడవాళ్లు ఖాళీ కడవల్లా కూర్చుని, ఎక్కడికో పోయిన మగవాళ్ల కోసం ఎదురుచూస్తుంటారు. జడ అల్లుకుంటూ అందులో ఆశను కూడా కలిపి అల్లుకుంటారు. బావిలోకి తొంగి చూస్తారు, తమ కళ్లలో తడి ఉందేమోనని. పొద్దు వాలి నీడలు కూడా కొండల అవతలికి పోతాయి. మగవాళ్లు వచ్చారా? కవి చెప్పరు. అక్కడ ఆపాలంటే గుండె ధైర్యం కావాలండీ.

అయితే నాకు ఒక పేచీ ఉంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో భర్త గల్ఫ్‌కి పోయిన ఇల్లు చూడండి. ఆ ఇల్లాలు కూడా ఎదురుచూస్తుంది, కానీ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ చూస్తుంది. ఇటు పొలం, పిల్లల ఫీజులు, అప్పులవాడు అన్నీ ఆమె మీదే. ఈ కవితలో ఆడవాళ్ల చేతికి పని లేదు. పైగా వాళ్ల జుట్టును మిసిసిపీ నదంత పొడుగని పోల్చారు. ఊరి బావి దగ్గరికి అమెరికా నది ఎందుకొచ్చిందో నాకు మింగుడుపడలేదు.

ఇక నవల, 'ఎ రివర్ విత్ త్రీ బ్యాంక్స్'. దేశ విభజన రోజులు. గౌతమ్ అనే జర్నలిస్టు, దుండగులు ఎత్తుకొచ్చిన హసీనా అనే ముస్లిం అమ్మాయి, వాళ్ల ప్రేమ. ఈయన చైతన్య స్రవంతి నవలల మీద, అంటే పాత్రల మనసులో ఆలోచనలు వచ్చినవి వచ్చినట్టే సాగే నవలల మీద, పుస్తకమే రాసిన మనిషి కదా, చదవడం కష్టమేమో అని టెన్షన్ పడకండి. కథ సూటిగా నడుస్తుంది. వీధుల్లో భయం రాసిన చోట, లాహోర్‌లో పుట్టి పెరిగిన మనిషి చెయ్యి తెలుస్తుంది. ప్రేమకథ దగ్గరికి వచ్చేసరికి నాకు కాస్త సినిమాలా అనిపించింది.

నా ఓటు కవితకే. ముందు అది చదవండి, నచ్చితే నవలకు రండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసేటప్పుడు ఈ పేరు కూడా వెతకండి. ఉస్మానియాలో ఆయన క్లాసులో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, పాఠం ఎలా చెప్పేవారో కింద రాయండి ప్లీజ్.