ఒకే ఒక్క బాక్టీరియాను లేజర్‌తో పట్టుకుని గుర్తించడం ఎలా?

నమస్కారం అండీ. స్క్రీన్ మీద కదులుతున్న ఈ సన్నటి కడ్డీని చూడండి. ఇది ఈ.కోలై కణం, పొడవు దాదాపు 2 మైక్రోమీటర్లు. ఇప్పుడు లేజర్ ఆన్ చేస్తున్నాను... ఠక్కున ఆగిపోయింది! కడ్డీ కాస్తా చుక్కలా కనిపిస్తోంది కదా? కాంతి వెళ్లే దారి వెంబడే నిలువుగా తిరిగి నిలబడింది. మనం దాన్ని పైనుంచి చూస్తున్నాం.

కణం గుండా వెళ్లేటప్పుడు కాంతి వంగుతుంది. అలా వంగినందుకు ప్రతిచర్యగా కణం మీద బలం పడి, కాంతి బాగా కేంద్రీకృతమైన చోటికి దాన్ని లాగుతుంది. ఆ బలం పికోన్యూటన్లలోనే (న్యూటన్‌లో లక్ష కోట్లో వంతుల్లో) ఉంటుంది, కానీ బాక్టీరియాకు అది చాలు. న్యూమరికల్ అపర్చర్, అంటే లెన్స్ కాంతిని ఎంత వెడల్పు కోణంలో కేంద్రీకరిస్తుందో చెప్పే సంఖ్య, దాదాపు 1.2 ఉన్న ఆబ్జెక్టివ్ (మైక్రోస్కోప్ లెన్స్) వాడండి. అది తక్కువైతే కాంతి కణాన్ని పట్టుకోకుండా ముందుకు నెట్టేస్తుంది.

ఈ ఒంటి కిరణపు పట్టును 1986లో బెల్ ల్యాబ్స్‌లో ఆర్థర్ ఆష్కిన్ బృందం చేసి చూపించింది. మరుసటి ఏడాది బాక్టీరియాను పట్టుకున్నారు. ఆకుపచ్చ లేజర్‌కు కణాలు దెబ్బతింటుంటే 1064 నానోమీటర్ల పరారుణ కాంతికి మారారు. ఆ కాంతిలో ఈ.కోలై పట్టులో ఉంటూనే విభజన చెందింది! నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే ఫలితం ఇది. ఆష్కిన్‌కు 2018లో నోబెల్ వచ్చింది.

సరే, పట్టుకున్నాం. మరి గుర్తించడం? సర్ సి.వి. రామన్ 1928లో కనుగొన్న పరిక్షేపణమే ఆధారం. కణాన్ని పట్టుకున్న కాంతిలోనే అతి కొద్ది భాగం, అణువుల కంపనాల వల్ల రంగు మార్చుకుని తిరిగొస్తుంది. ఇక్కడ 785 నానోమీటర్ల లేజర్ వాడుతున్నాం. ఫ్లోరెసెన్స్, అంటే కాంతి పడినప్పుడు పదార్థం తనంతట తాను వెలిగే బెడద, తక్కువ, కెమెరా కూడా బాగా పసిగడుతుంది.

తిరిగొచ్చిన కాంతిని రంగు మార్పును బట్టి విడదీసిన గీతే స్పెక్ట్రం. అందులో 1003 సెం.మీ⁻¹ (రంగు మార్పును కొలిచే ప్రమాణం) దగ్గర ఈ సన్నటి శిఖరం ఫినైల్అలనిన్ అనే అమైనో ఆమ్లానిది. 1450 దగ్గరిది ముఖ్యంగా కొవ్వులు, ప్రొటీన్లది. ఇవి అన్ని బాక్టీరియాల్లోనూ ఉంటాయి. కాబట్టి ఒక్క శిఖరం చూసి పేరు చెప్పేయకండి, మొత్తం ఆకారాన్ని పోల్చాలి. స్పోర్లు (కొన్ని బాక్టీరియాల గట్టి నిద్రాణ రూపాలు) మాత్రం 1017 దగ్గర కాల్షియం డైపికొలినేట్ శిఖరంతో ఇట్టే దొరికిపోతాయి.

ఇక అసలు పని. కణాలను పెంచిన ద్రవం పోయేలా బాగా కడగండి, లేదంటే దాని సంకేతం కూడా కలుస్తుంది. మామూలు గాజు కూడా వెలుగుతుంది, అందుకే క్వార్ట్జ్ కవర్‌స్లిప్ పెట్టాను. కణాన్ని గాజుకు దూరంగా, కాస్త పైకి తీసుకెళ్లండి. ఇప్పుడు 30 సెకన్లు రికార్డ్ చేస్తున్నాను. కళ్లు స్క్రీన్ మీదే ఉంచండి... అదిగో, ఇంకో కణం వచ్చి పట్టులో పడింది. ఈ స్పెక్ట్రం పనికిరాదు, తీసేద్దాం. లేజర్ ఆపి రెండింటినీ వదిలేసి, మళ్లీ ఒక్కదాన్నే పట్టుకుంటున్నాను.

ఇది బాగా వచ్చింది. ఇప్పుడు కణాన్ని వదిలేసి, అదే ఎత్తులో, అదే పవర్‌తో, అదే 30 సెకన్లు ఖాళీ పట్టును రికార్డ్ చేసి, కణం స్పెక్ట్రంలోంచి తీసివేయండి. తొందరలో ఈ మెట్టు దాటేస్తే నీళ్ల తేడాను, గాజు తేడాను జాతి తేడా అనుకుంటాం.

చివరగా, స్పెక్ట్రం ఆకారాన్ని పోల్చి పేరు చెప్పే పని కంప్యూటర్‌ది. అది తనకు నేర్పిన జాతుల్లోంచే పేరు ఎంచుతుంది. ఒకే జాతి అయినా ఎదిగే దశను బట్టి స్పెక్ట్రం మారుతుంది. కాబట్టి వేర్వేరు రోజుల్లో పెంచిన కణాలతో నేర్పండి, అసలు నేర్పించని రోజు కణాలతో పరీక్షించండి.